తపస్సు మాను కింద నేర్చుకున్నవి

రామకుప్పం, కుప్పం, వి.కోట వైపు ‘భారతం పెట్టినారు’ అంటే ధర్మరాజుల గుడి ముందర పందిరి పడిందని అర్థం. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చాలా ఊళ్ళలో 18 రోజులు సాగుతుంది. బండి మీద కుంభం కూడుతో బకాసురుడి ఊరేగింపు, ద్రౌపదీ కల్యాణం, రాజసూయం, వస్త్రాపహరణం, అర్జున తపస్సు, ఉత్తర గోగ్రహణం, రాయబారం, అభిమన్యు వధ, కర్ణమోక్షం వరసగా నడుస్తాయి. చివరి రోజు పొద్దున మట్టితో చేసిన దుర్యోధనుడి తొడ మీద భీముడు గద వేస్తాడు. ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం.

నేను 1974 నుంచి 2009 దాకా ఆ భారతాల్లో అర్జునుడి వేషం కట్టినాను. అర్జునుడు తపస్సుకు ఎక్కే మానును తపస్సు మాను అంటాము. మా ఊళ్ళల్లో అది 50, 60 అడుగులు ఉంటుంది. ఎన్నిసార్లు ఎక్కినానో లెక్క పెట్టుకోలేదు. మా పక్క ఊళ్ళో తొమ్మిదేళ్ళు భారతం ఆగిపోయింది. బెంగళూరులో ఉద్యోగాలు చేసే ఆ ఊరి పిల్లకాయలు 2017లో నా దగ్గరికి వచ్చి, “తాతా, అర్జున తపస్సు ఒక్కటన్నా మళ్ళీ ఆడిద్దాం, ఇప్పటి జనానికి తగినట్టు మార్చి ఇయ్యి” అన్నారు. ఆ పనిలో నేను నేర్చుకున్నవి, అంతకు ముందు తప్పులు చేసి నేర్చుకున్నవి, రాసి పెడుతున్నాను. పురాణ కథను మళ్ళీ ఆడించాలనుకునే ఎవరికైనా పనికి రావాలని నా కోరిక.

1. ఆట ఎందుకు ఆగిందో ముందు కనుక్కోవాలి

పిల్లకాయలు ముందే తీర్మానం చేసుకొని వచ్చినారు. టీవీ వచ్చింది, సెల్లు వచ్చింది, జనం మారిపోయినారు, అందుకే ఆగిపోయిందన్నారు. నేను ఒప్పుకోలేదు. రిహార్సల్ మాట తర్వాత, పది రోజులు ఇల్లిల్లూ తిరిగి అడిగి రమ్మన్నాను.

తిరిగి వచ్చి చెప్పినవి వేరు. అర్జున తపస్సు రోజు ఉభయం, అంటే ఆ రోజు ఖర్చు భరించే బాధ్యత, ఒక వంశం వాళ్ళది. అన్నదమ్ములు వేరుపడినారు, ఆ ఖర్చు ఎవరి వాటాకు వస్తుందో తేలలేదు. ముఖవీణ వాయించే ఆయన కాలం చేసినాడు, ఆయన కొడుకు నేర్చుకోలేదు. ద్రౌపది వేషం కట్టే ఆయనకు మోకాళ్ళు పోయినాయి. మూడే కారణాలు. జనానికి విసుగు పుట్టి ఆగిన ఆట నా ఎరుకలో ఒక్కటీ లేదు. రోగం ఒక చోట ఉంటే మందు ఇంకోచోట రాయకూడదు. లైట్లు మార్చాలా, పాటలు మార్చాలా అని తలలు బద్దలు కొట్టుకునే ముందు ఉభయదారుల ఇంటికి పోవాలి. మేము పోయినాము. అన్నదమ్ములిద్దరూ చెరి సగం ఒప్పుకున్నారు. సగం పని అక్కడే అయిపోయింది.

2. చూసేవాళ్ళ చోటు తీసేస్తే ఆట చచ్చిపోతుంది

ఈ పాఠానికి నేను పెద్ద వెల కట్టినాను, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

చాలా ఏళ్ళ కిందట ఒక నగరంలో పౌరాణిక నృత్యనాటకాల ఉత్సవానికి మమ్మల్ని పిలిచినారు. ఏసీ హాలు, మంచి వేదిక, మర్యాదగా చూసినారు. అర్జున తపస్సు 45 నిమిషాల్లో ముగించాలన్నారు. మానుకు బదులు 12 అడుగుల ఇనుప నిచ్చెనకు ఆకుపచ్చ గుడ్డ చుట్టి పెట్టినారు. ముందు వరుసలో అతిథులు ఉంటారు కాబట్టి నిమ్మకాయలు విసరొద్దన్నారు. అన్నిటికీ తల ఊపినాను. జిల్లా బయట మా ఆట చూస్తారన్న ఆశ అట్లాంటిది.

ఆ రోజు మేము తప్పు ఆడలేదు. తాళం తప్పలేదు, పాట తప్పలేదు. చప్పట్లు కూడా బాగానే కొట్టినారు. అయినా తిరుగు బస్సులో ఒక్కరూ నోరు విప్పలేదు. ఎక్కడ చెడిందో నాకు మదనపల్లె దాటేదాకా తెలియలేదు.

మా ఊళ్ళో తపస్సు మాను కింద బిడ్డలు లేని ఆడవాళ్ళు వరపడతారు, అంటే బిడ్డ కోసం వరం కోరతారు. తలస్నానం చేసి, తడిబట్టలతో, అర్జునుడు పైకి ఎక్కి తపస్సు ముగించేదాకా అక్కడే ఉంటారు. మెట్టుకొక పాట పాడుతూ ఎక్కాలి. పైన మంచె మీద కూర్చొని, శివుణ్ణి తలచుకొని, నిమ్మకాయలు, విభూతి, పూలు కిందికి విడుస్తాము. వాళ్ళు కొంగు పట్టి అందుకుంటారు. పైనుంచి చూస్తే తెల్లవారుజాము చీకట్లో పరిచిన కొంగులు కనపడతాయి. నా చెయ్యి వదిలిన నిమ్మకాయ కోసం కింద ఒక మనిషి ఎదురుచూస్తా ఉంది. అప్పుడు నేను వేషగాణ్ణి అన్న సంగతే గుర్తుండదు. హాల్లో నిచ్చెన ఎక్కి కిందికి చూస్తే లైట్ల వెలుతురు తప్ప ఏమీ లేదు. నా చెయ్యి ఊరికే గాల్లో ఊగింది.

అందుకే ఇప్పుడు ఎవరు వచ్చి ‘ఈ పురాణాన్ని కొత్తగా కట్టాలి’ అన్నా నేను ముందు అడిగేది ఒక్కటే. ఈ ఆటలో చూసేవాళ్ళ చేతులు ఎక్కడ ఉన్నాయి? బకాసురుడి బండికి ఇంటింటి నుంచి అన్నం పోస్తారు. ద్రౌపదీ కల్యాణంలో పెళ్ళివారు ఊరివాళ్ళే. దుర్యోధనుడి మట్టిబొమ్మను కొన్ని ఊళ్ళలో ఆడవాళ్ళు చీపుర్లతో కొడతారు. ఆ చోటు తీసేసి, దాని బదులు ఎన్ని రంగుల దీపాలు పెట్టినా పూడదు. హాల్లో ఆడాల్సి వస్తే అక్కడికి తగిన ఒక చోటు వాళ్ళకు కల్పించాలి. ఈ మధ్య తిరుపతిలో ఒక కాలేజీలో ఆడినప్పుడు వేదిక మానేసి చెట్టు కింద ఆడినాము. పిల్లలను చుట్టూ కింద కూర్చోబెట్టి, తలా ఒక బిల్వదళం ఇచ్చి, తపస్సు వేళకు అర్జునుడి ముందర పెట్టమన్నాము. గంటన్నర ఆట. ఒక్క పిల్ల కూడా లేచిపోలేదు.

3. ‘ఇప్పటి జనం రాత్రంతా కూర్చోరు’ అన్న మాట నమ్మొద్దు

1985లో ఫ్రాన్సులోని అవిన్యో ఉత్సవంలో పీటర్ బ్రూక్ అనే ఆయన మహాభారతాన్ని ఒక రాళ్ళ గనిలో ఆడించినాడు. తొమ్మిది గంటల నాటకం. కొన్ని రోజులు రాత్రంతా ఆడి తెల్లవారేటప్పటికి ముగించేవాళ్ళట. ద్రౌపదిగా మన దేశపు నర్తకి మల్లికా సారాభాయి. కథ తెలియని, మన దేవుళ్ళ పేర్లు నోరు తిరగని జనం రాళ్ళ గనిలో తెల్లవార్లూ కూర్చున్నారు. మన కథ మన ఊళ్ళో మనవాళ్ళు కూర్చోరని ఎట్లా అంటాము?

అయితే కత్తిరించడమే పాపమని నేను అనను. వెంపటి చినసత్యం గారు కూచిపూడి నుంచి మద్రాసుకు వచ్చి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, క్షీరసాగర మథనం, హరవిలాసం, పద్మావతీ శ్రీనివాసం లాంటి నృత్యనాటకాలు కట్టినారు. ఎస్.వి. భుజంగరాయ శర్మ గారు రాయడం, పట్రాయని సంగీతరావు గారు స్వరపరచడం, ఆయన నడిపించడం. తెల్లవార్లూ ఆడే భాగోతాల నుంచి వచ్చిన మనిషి, సాయంత్రం వచ్చి రాత్రి భోజనానికి ఇంటికి పోయే పట్నం జనానికి సరిపోయేట్టు బిగించి కట్టినారు. కూచిపూడి దేశాలు తిరిగిందంటే అందులో ఆయన కష్టం ఎంతో ఉంది. ఆయన కొలతలు ఆయన జనానికి సరిపోయినాయి. మా జనానికి మా కొలత కావాలి.

మేము ఏం తగ్గించినామంటే, ప్రతి పాత్రా తెర వెనక నుంచి తన పేరూ బిరుదులూ చెప్పుకుంటూ వచ్చే ప్రవేశాల్లో సగం. ఒకే మాటను పాటలో, పద్యంలో, వచనంలో మూడుసార్లు చెప్పే చోట్ల ఒకటి ఉంచినాము. వెనకటికి తొమ్మిదికి మొదలుపెట్టేవాళ్ళము, ఇప్పుడు పదకొండున్నరకు. ఏం తగ్గించలేదంటే, మాను ఎక్కడం. అది ఎంతసేపు పడితే అంతసేపు. ఎదురుచూపు తగ్గిస్తే తపస్సు ఎక్కడిది?

4. కిరాతుణ్ణి చూసి ఎవరు నవ్వాలి

కథ అందరికీ తెలిసిందే. పాశుపతం కోసం అర్జునుడు తపస్సు చేస్తాడు. మూకాసురుడు పందిగా వస్తాడు. అర్జునుడూ, వేటగాడి వేషంలో ఉన్న శివుడూ ఒకేసారి బాణం వేస్తారు. పంది నాదంటే నాదని కొట్లాట.

మా ఆటలో ఈ ఘట్టం నవ్వుల ఘట్టం. శివుడూ పార్వతీ ఎరుకల దంపతులుగా వస్తారు. వాళ్ళ యాస, వాళ్ళ నడక, వాళ్ళ తిండి, అన్నిటి మీదా హాస్యగాడు గంటసేపు నవ్వించేవాడు. నేనూ నవ్వినాను, నవ్వించినాను కూడా. ఒక ఊళ్ళో ఆట అయిపోయినాక నేను రంగు కడుక్కుంటా ఉంటే ఎరుకల ఇంటి పిల్లవాడు ఒకడు వచ్చి నిలబడినాడు. పది, పదకొండేళ్ళు ఉంటాయి. “తాతా, శివుడు మా మాదిరి వస్తే ఎందుకు నవ్వుతారు?” అని అడిగినాడు. కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగినాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి పోయి భారతంలో అరణ్యపర్వం తీసినాను. అక్కడ ఉన్నదేంది? ఓడిపోయేది అర్జునుడు. అక్షయ తూణీరంలో బాణాలు అయిపోతాయి. గాండీవం చేజారుతుంది. కుస్తీలో కూలిపోతాడు. లోకంలో తనంత విలుకాడు లేడనుకున్నవాడు ఒక అడవిమనిషి చేతిలో నేల కరుస్తాడు. అప్పుడు మన్నుతో శివలింగం చేసి, ఒక పూలదండ వేసి మొక్కుతాడు. తల ఎత్తి చూస్తే ఆ దండ వేటగాడి తల మీద ఉంది. కథ ప్రాణం అదే. గుడిలో, గ్రంథంలో, మంత్రంలో వెతికిన దేవుడు ఎదురుగా నిలబడి పంది కోసం పోట్లాడుతుంటే, కులాన్నీ వేషాన్నీ చూసి పోల్చుకోలేకపోయినాడు. ఆ ప్రాణాన్ని మేము నవ్వుల్లో పూడ్చిపెట్టినాము, ఏళ్ళ తరబడి.

మళ్ళీ కట్టినప్పుడు ఆ ఘట్టంలో మాటలు పెద్దగా మార్చలేదు. నవ్వు దిక్కు మార్చినాము. ఇప్పుడు హాస్యగాడు అర్జునుడి వెనక తిరుగుతాడు. “అయ్యా, ఇంకా ఎన్ని బిరుదులు ఉండాయి, అన్నీ చెప్పేసి కొట్టు” అంటాడు. వేటగాడు తక్కువ మాట్లాడతాడు. నిమ్మళంగా మాట్లాడతాడు.

దండ సంగతి చెప్పాలి. మా వైపు తోటల్లో పూసే కనకాంబరాలతో సరిజోడుగా రెండు దండలు కట్టిస్తాము. అర్జునుడు మట్టిలింగానికి దండ వేసి కళ్ళు మూసుకుంటాడు. మద్దెల, తాళం, హార్మోణి, అన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలో పార్వతి రెండో దండను వేటగాడి తల మీద పెడుతుంది. దాచి పెట్టదు, అందరూ చూస్తుండగానే పెడుతుంది. అర్జునుడికి ఒక్కడికే తెలియదు. జనానికి ముందే తెలిసి, వాడికి తెలిసే క్షణం కోసం ఊపిరి బిగబట్టి చూస్తారు. మొదటిసారి ఆడిన రాత్రి అర్జునుడు కళ్ళు తెరవక ముందే ముందు వరుసలో కూర్చున్న ముసలివాళ్ళు లేచి వేటగాడికి చేతులు జోడించినారు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఆ సంవత్సరం పిల్లకాయలను బస్సులో లేపాక్షికి తీసుకుపోయినాను. గుడి మండపం పైకప్పున విజయనగరం కాలపు చిత్రకారులు ఇదే కిరాతార్జునీయాన్ని రంగుల్లో వేసినారు. మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూసినారు. పాత కథను మార్చే ముందు ఆ కథను మనకంటే ముందు ఎవరెవరు ఎట్లా చెప్పినారో చూడాలి.

5. నవ్వు మాత్రం తీసేయొద్దు

దేవుడి ఆటలో హాస్యం ఏందని కొత్తగా చదువుకున్నవాళ్ళు అంటుంటారు. మహాబలిపురంలో పల్లవులు చెక్కిన పెద్ద బండ చూడండి. అర్జునుడి తపస్సు అంటారు, కొందరు భగీరథుడిది అంటారు. అంత గంభీరమైన శిల్పంలో ఒక పిల్లి వెనక కాళ్ళ మీద నిలబడి దొంగతపస్సు చేస్తా ఉంటుంది, కాళ్ళ దగ్గర ఎలుకలు. 7వ శతాబ్దపు శిల్పికి ఉన్న ధైర్యం మనకు ఎందుకు ఉండకూడదు?

6. భాష గురించి భయపడొద్దు

మా మండలం తెలుగు, తమిళం, కన్నడం కలిసే చోటు. సంతలో మూడు భాషల్లోనూ బేరం చేస్తాము. మా ఆటలో కూడా తెలుగు పద్యం పక్కనే అరవ పాట వస్తుంది, ఎవరికీ అడ్డం రాదు. పిల్లకాయలు అంతా ఒకే భాషలోకి, అదీ టీవీ తెలుగులోకి మార్చాలన్నారు. నేను వద్దన్నాను.

తంజావూరు దగ్గర మేళత్తూరు అనే ఊరు ఉంది. నాయక రాజుల కాలంలో అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలవాళ్ళు మేళత్తూరు వెంకటరామశాస్త్రి గారు రాసిన ప్రహ్లాద చరిత్రం, ఉషాపరిణయం లాంటి తెలుగు నాటకాలను నరసింహ జయంతి ఉత్సవాల్లో ఈ రోజుకూ ఆడుతున్నారు. చూసేవాళ్ళు తమిళులు. వాళ్ళకు తెలుగు మాట పూర్తిగా అర్థమై వస్తున్నారా? కాదు. ప్రహ్లాదుడి గొంతు వినడానికి వస్తున్నారు, నరసింహస్వామి ముఖానికి మొక్కడానికి వస్తున్నారు. భాగవత మేళం అనే ఈ ఆట ఒకప్పుడు సన్నగిల్లి, మళ్ళీ నిలబడింది. రుక్మిణీదేవి అరండేల్ గారు ఆ నాటకాలను నేర్చుకొని కళాక్షేత్రంలో కూడా ఆడించినారు.

మేము చేసింది ఒక్కటే. పద్యాన్ని అట్లాగే పాడి, దాని వెంట హాస్యగాడి చేత ఊరి మాటలో రెండు ముక్కల్లో అర్థం చెప్పించినాము. ఇది కొత్తదేమీ కాదు, హాస్యగాడి పనే అది. మధ్యలో మరిచిపోయినాము.

7. ఆడపిల్లలను రానియ్యండి

కూచిపూడి ఆటలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే ఆడవాళ్ళు చూసి నేర్చుకునేవాళ్ళు. మగవాళ్ళు ఆడవేషం కట్టడం తక్కువ విద్య కాదు. మా ద్రౌపది వేషగాడు ఊళ్ళోకి నడిచి వస్తే అవ్వలు లేచి నిలబడేవాళ్ళు. ఆ విద్యను ఇంకొకరికి నేర్పిస్తే నేను సంతోషిస్తాను.

కానీ మన మదనపల్లెలోనే పుట్టిన యామినీ కృష్ణమూర్తి గారు కూచిపూడిని దేశమంతా, దేశం బయటా చూపించినారు. ఆ నేల మీద ఉండి, ఆడపిల్లలు వీధినాటకంలోకి వస్తే మర్యాద పోతుందని అనేవాళ్ళకు నేనేం చెప్పాలి? మా ఆటలో ఇప్పుడు పార్వతి వేషం డిగ్రీ చదివే అమ్మాయిది. మొదట ఇంట్లో ఒప్పుకోలేదు. రిహార్సల్ ఎవరి ఇంటి పంచలోనో పెట్టకుండా గుడి ముందర, పగటి పూట, అందరి ఎదురుగా పెట్టినాము. ఆ పిల్ల వాళ్ళమ్మ రోజూ వచ్చి కూర్చునేది. వారం తిరక్కుండా ఆ తల్లే పాట అందుకుంటా ఉంది.

8. ముఖవీణ

హార్మోణి మీద నాకు కోపం లేదు. అదీ ఒకప్పుడు మన నాటకానికి కొత్తగా వచ్చినదే. కీబోర్డు కూడా అట్లాగే వస్తుంది. పొరుగున కర్ణాటకలో శివరామ కారంతు గారు యక్షగానానికి వయొలిన్, సాక్సఫోన్ చేర్చి, మాటలు తగ్గించి బాలే కట్టినారు. దాన్ని మెచ్చినవాళ్ళు ఉన్నారు, ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. ఆయనకు పాతది బాగా తెలుసు కాబట్టి కొత్తది చేసే హక్కు ఆయనకు ఉంది.

నా బాధ వేరు. ముఖవీణ మోగితే రెండు మైళ్ళ అవతల పొలంలో నీళ్ళు కట్టేవాడికి కూడా ‘ఆట మొదలైంది’ అని తెలిసేది. ఆ గొంతుకు బదులు లేదు. ఇప్పుడు మా దగ్గర వాయించే ఆయన పక్క రాష్ట్రం నుంచి వస్తాడు, వయసు మళ్ళినవాడు. ఇద్దరు నాదస్వరం పిల్లలను ఆయన దగ్గర పెట్టినాము. ఒకడు నిలిచినాడు. నాదస్వరం ఊదేవాడికి ఊపిరి పట్టడం ముందే వచ్చు కాబట్టి సగం దూరం నడిచి వచ్చినట్టే. ఈ పద్ధతి వేరే ఊళ్ళవాళ్ళు కూడా ప్రయత్నం చెయ్యండి.

9. తాడు కట్టండి

అర్జునుడికి నడుముకు తాడు కడితే తపస్సుకు మైల అన్నవాళ్ళు ఉన్నారు. నేను కట్టకుండానే ఎక్కినాను, మాను వానకు తడిసి ఉన్న రోజుల్లో కూడా ఎక్కినాను. ఇప్పుడు ఎక్కేవాడికి ఇద్దరు పిల్లలు ఉన్నారు. తాడు కట్టి తీరాలి. మెట్లు కొట్టిన వడ్రంగి ముందు తాను ఒకసారి ఎక్కి దిగాలి.

10. జ్ఞాపకం ఎవరి దగ్గర ఉందో వెతకండి

మాను మెట్లకు పాటలన్నీ నాకు వచ్చుననుకున్నాను. ఎనిమిదేళ్ళు పాడకపోతే నాలుగు మెట్ల పాటలు పూర్తిగా పోయినాయి. మా గురువుగారి నోటుపుస్తకం చెదలు తినేసింది. తోటి వేషగాళ్ళను అడిగితే తలా ఒక రకంగా పాడినారు.

చివరికి దొరికింది ఒక పెద్దావిడ దగ్గర. ఎనభై దాటిన మనిషి. పాడి ఆవుకు గడ్డి వేస్తా ఉంది. “పెద్దమ్మా, మాను పాటలు ఏమన్నా గుర్తుండాయా?” అని అడిగినాను. గడ్డిమోపు కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కొని, మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టింది. ఒక్కటి తప్పలేదు. నేను మరిచిపోయిన నాలుగూ అందులో ఉన్నాయి. ఎట్లా నేర్చుకున్నావని అడిగితే, “పెండ్లయిన ఏడో ఏట ఆ మాను కింద వరపడితిని నాయనా. ఇంకొక మెట్టు, ఇంకొక మెట్టు అని ఎంచుకుంటా ఉంటిని. ఎట్లా మరిచిపోతా?” అనింది. ఆమె పెద్ద కొడుకు ఇప్పుడు రిటైరయిన టీచరు. పాడే నేను మరిచిపోయినాను, తడిబట్టలతో విన్న ఆమె మరిచిపోలేదు.

నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్ళీ నిలబెట్టినప్పుడు ఆయనకు జాయప సేనాని నృత్తరత్నావళి ఉంది, రామప్ప గుడి శిల్పాలు ఉన్నాయి. లండన్ రాయల్ బాలేవాళ్ళు గ్రీకు పురాణ లోకంలో నడిచే ‘సిల్వియా’ను 2004లో మళ్ళీ ఆడించినారు. అది ఫ్రెడెరిక్ ఆష్టన్ 1952లో కట్టిన బాలే. మధ్యలో ఎన్నో ఏళ్ళు మూలపడి ఉన్న ఆ ఆటను ఆడినవాళ్ళ జ్ఞాపకాలు కూడా పోగుచేసుకొని నిలబెట్టినారు. అంత పెద్ద కంపెనీకి కూడా మనుషుల జ్ఞాపకం కావాల్సి వచ్చింది. మాకు గ్రంథం లేదు, రాయి లేదు. ఉన్నది అవ్వలే. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదివే పిల్లలకు నా మనవి, ఫోను తీసుకొని పల్లెలకు రండి. వేషగాళ్ళ దగ్గరికి తర్వాత పోవచ్చు, ముందు వినేవాళ్ళను రికార్డు చెయ్యండి.

11. ఫోన్లను తిట్టొద్దు

2022లో, కరోనా వెళ్ళినాక, మళ్ళీ ఆడినప్పుడు ఒక అత్తగారు కొంగు పట్టుకొని ఒక చేత్తో ఫోను ఎత్తి పట్టుకుంది. అవతల బెంగళూరులో సెలవు దొరకని కోడలు వీడియోలో చూస్తా ఉంది. నిమ్మకాయ కొంగులో పడగానే ఇద్దరూ ఏడ్చినారు. నేను కింద నిలబడి చూసినాను. దీన్ని వద్దనడానికి నాకు నోరు రాదు. ఫ్లాష్ మాత్రం ఎక్కేవాడి కళ్ళలో కొట్టొద్దని ముందే మైకులో చెప్పిస్తాము. వింటారు.

12. డబ్బు

ఒక్కరి దగ్గర మొత్తం తీసుకోవద్దు. మేము మొదటి ఏడు ఒక పెద్దమనిషి అంతా తానే ఇస్తానంటే సంతోషపడినాము. రెండో ఏడు ఆయన పేరున్న ఫ్లెక్సీ మానుకంటే పెద్దదయింది, ఆటకు జనం తగ్గినారు. మూడో ఏడు నుంచి పాత పద్ధతికి వచ్చినాము. మాను ఒకరు ఇస్తారు, కనకాంబరాలు ఒకరు, నిమ్మకాయలు ఒకరు, వేషగాళ్ళ భోజనం ఒక వీధి. పూలు ఇచ్చిన ఇంటివాళ్ళు ఆ దండ ఎప్పుడు పడుతుందా అని చూడటానికి ఇంటిల్లిపాదీ వస్తారు.

వచ్చే ఎండాకాలం మా వైపు భారతాలు ఉంటాయి. చూడాలనుకునేవాళ్ళు తెల్లవారుజామున మాను ఎక్కే వేళకు కారులో దిగి, ఫొటో తీసుకొని పోవొద్దు. రాత్రి తొమ్మిదికే రండి. వేషాలు కట్టే పాకకు తలుపు లేదు, ఎప్పుడూ పెట్టలేదు. లోపల ముఖానికి రంగు కోసం అర్దళం నూరుతుంటారు, అద్దం ముక్కలు అతికిన భుజకీర్తులను చాప మీద వరసగా పెట్టి ఉంటారు. పొద్దున పాలడైరీలో క్యాన్లు మోసిన మనిషి మీ కళ్ళముందే అర్జునుడు అవుతాడు. మీ పిల్లలను కూడా తీసుకురండి, ముందర కూర్చోబెట్టండి. ఎవరైనా అద్దం పట్టుకోమంటే పట్టుకోండి.